చదువుతూ చెప్పడమా, చదివేశాక చెప్పడమా?

పుస్తకాలు చదివేవాళ్లు నలుగురు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే మొదటి పుస్తకం దాకా అంతా బాగానే ఉంటుంది. రెండో పుస్తకానికల్లా తగువు మొదలవుతుంది. పుస్తకం బాగుందా లేదా అన్నది పక్కకి పోయి, దాని గురించి ఎప్పుడు మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి అన్న దగ్గర పేచీ వస్తుంది. ఒకరు రాత్రి పదకొండింటికి ‘నాకెందుకో ఈ వదిన మీద అనుమానంగా ఉంది’ అని పెడతారు. ఇంకొకరు ‘తొందరెందుకండీ, పూర్తయ్యాక అందరం చెప్పుకుందాం’ అంటారు. మూడో ఆయన ఏ పక్షమూ తీసుకోకుండా ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ వదులుతాడు.

మా గ్రూపు పాలకొల్లులో మొదలై, గోదావరి దాటి రాజోలు, అమలాపురం, మండపేట దాకా పాకింది. రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటూ, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడులో ఫోన్లో చదువుకునే కుర్రాడున్నాడు. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసే సఖినేటిపల్లి అక్క ఉంది. ఇంతమందికీ ఒకే పద్ధతి కుదరదని చాలామంది అంటారు గానీ, ఉన్నవాటిలో ఏది మేలో చెప్పొచ్చు. చదువుతుండగా చెప్పిన మాటకే నా ఓటు. కాకపోతే ఎవరికి తోచినప్పుడు వాళ్లు చెప్పేయకూడదు.

ఎందుకంటారా? ఆ మధ్య మేం చదివిన ఒక నవలలో ఒక తండ్రి, కూతురికి వచ్చిన ఉత్తరాన్ని ఆమెకి ఇవ్వకుండా బీరువాలో దాచేస్తాడు. రాజోలు నుంచి ఒకావిడ ఆ అధ్యాయం చదివిన రాత్రే రాసింది: ‘ఇలాంటి నాన్నలు మా వీధిలో కూడా ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది.’ రెండు వారాల తర్వాత అదే ఆవిడ: ‘ఉత్తరం ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో ఆయనకి ముందే తెలుసన్నమాట. తిట్టినందుకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పి ఉండాల్సిందే.’ ఇంకో వారానికి: ‘నేనైతే ఏం చేసేదాన్నో నాకే తెలియట్లేదు.’ అంతా అయ్యాక పుస్తకం మీద అభిప్రాయం రాయమంటే ఆవిడ రాసింది ఒక్కటే వాక్యం: ‘తండ్రి పాత్రను చక్కగా మలిచారు.’

మలిచారు, సరే. మరి ఈవిడ ముందు మండిపడి, తర్వాత తగ్గి, చివరికి తననే తాను ప్రశ్నించుకుంది కదా, అదంతా ఎక్కడికి పోయింది? రచయిత పనితనమంతా ఆ మూడు మెసేజ్‌ల మధ్యనే ఉంది. పుస్తకం మూసేశాక ముగింపు తెలిసిపోతుంది కాబట్టి, మొదట్లో మనం ఎంత అమాయకంగా నమ్మామో మనకే గుర్తుండదు. ‘నాకు ముందే తెలుసు’ అనిపిస్తుంది. మా గ్రూపులో ముందే తెలిసినవాళ్లు ఎప్పుడూ పుస్తకం పూర్తయ్యాకే బయటపడతారు!

విడతలుగా చదివి విడతలుగా వాదించుకోవడం మనకి కొత్త కాదు. ధవళేశ్వరంలో మొదలయ్యే ‘రాజశేఖర చరిత్రము’ నవలను వీరేశలింగం గారు 1878లో తన పత్రికలో విడతలుగానే వేశారు, పుస్తకంగా వచ్చింది 1880లో. తర్వాత వారపత్రికల సీరియళ్లు తెలుగిళ్లల్లో ఎంత రాజ్యమేలాయో చెప్పక్కర్లేదు. అందులో ఉన్న సుఖం ఏమిటంటే, వచ్చే సంచిక వచ్చేదాకా అందరూ ఒకే చోట ఆగేవారు. పక్కింటావిడకి మీకన్నా ఒక్క పేజీ కూడా ఎక్కువ తెలిసే అవకాశం లేదు. పుస్తకం చేతికొచ్చేసరికి ఆ సమానత్వం పోయింది. చెరువు మీది కుర్రాడు మూడు వందల పేజీలు రెండు రాత్రుల్లో ఊదేస్తాడు. ఊడ్పులప్పుడు మా రైతుల చేతిలో పుస్తకం పది రోజులైనా పేజీ కదలదు.

అందుకే చదువుతూ చెప్పడంలో ఉన్న పెద్ద చిక్కు కథ బయటపడిపోవడం. ఒకసారి కుర్రాడు హుషారులో ఎవరు చనిపోతారో చెప్పేస్తే, ఎప్పుడూ మాట పెంచని ఒక పెద్దావిడ ‘కథంతా నువ్వే చెప్పేశావు కదా బాబూ, ఇంక మేం చదవడం దేనికి?’ అని రెండు రోజులు గ్రూపులో పలకలేదు. దానికో ఉపాయం కనిపెట్టారు మావాళ్లు: మెసేజ్‌లో మొదటి లైనులో అధ్యాయం పేరు, దాని కింద లైనుకొక చుక్క చొప్పున బారెడు చుక్కలు, ఆ తర్వాత అసలు సంగతి. మెసేజ్ పొడుగైతే వాట్సాప్ కొంత చూపించి మిగతాది మడిచేస్తుంది కాబట్టి, చదవాలనుకున్నవాళ్లే నొక్కి చదువుతారు. టెలిగ్రామ్‌లో అయితే మాటల్ని కప్పి పెట్టే సదుపాయమే ఉంది. కొత్త యాప్ అనగానే ‘ఉన్నది చాలదాండీ’ అంటారు మావాళ్లు, కాబట్టి చుక్కలే గతి.

ఇంకో చిక్కు చిన్నదే గానీ విసిగిస్తుంది. మాస్టారి దగ్గరున్నది పాత ముద్రణ, నాది కొత్తది, కుర్రాడి ఫోన్లో ఉన్నది స్కాన్ చేసిన పీడీఎఫ్. ‘112వ పేజీ చూడండి’ అంటే ముగ్గురం మూడు చోట్ల తేలతాం. పేజీ నంబర్లు మానేసి అధ్యాయం, అందులో ఒక వాక్యం మొదటి మూడు మాటలు రాయడం అలవాటు చేసుకున్నాక గానీ గొడవ తగ్గలేదు.

పూర్తయ్యాక చెప్పే అభిప్రాయాన్ని నేను తీసిపారేయడం లేదు. అది వేరే మనిషి కోసం. చదువుతూ రాసే మాట, మనతో పాటు చదువుతున్నవాళ్లకి. పూర్తి అభిప్రాయం, ఇంకా పుస్తకం కొననివాళ్లకి. మూడు వందలో నాలుగు వందలో పెట్టాలా వద్దా అని చూస్తున్న మనిషికి మీరు ఏడో అధ్యాయంలో ఏడ్చిన సంగతి ఏం పనికొస్తుంది? అక్షరాలు కళ్లకి ఆనతాయా, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలా, మాండలికం ఎక్కువుంటే అర్థమవుతుందా, ఎవరికి నచ్చదు, ఇవీ కావాలి. మనవాళ్లు ఇవి వదిలేసి ముప్పాతిక వంతు కథ చెబుతారు, పావు వంతులో ‘శైలి ఆకట్టుకుంటుంది, చదివిస్తుంది, ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి’ అని ముగిస్తారు. ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన పుస్తకం ఏదీ నాకింతవరకు తారసపడలేదు. ‘అమ్మానాన్నలతో ఈమధ్యే గొడవపడినవాళ్లు ఇప్పుడే చదవకండి’ అని ఒకాయన రాసింది మాత్రం బాగా గుర్తుండిపోయింది. ఆ ఒక్క వాక్యం చూసి ఇద్దరు కొన్నారు.

ఇలాంటి అభిప్రాయాన్ని వాట్సాప్‌లో పెట్టడం దండగ. ఉదయానికల్లా శుభోదయాల కింద కూరుకుపోతుంది. ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగితే వెతికేవాడికి ఓపిక ఉండాలి. ఫేస్‌బుక్‌లో పబ్లిక్‌గా పెడితే కనీసం పుస్తకం పేరుతో వెతికినవాళ్లకి దొరికే వీలుంటుంది, రచయిత కంటా పడుతుంది.

పూర్తయ్యాక చెప్పుకోవడంలో పెద్ద లోపం ఇంకొకటుంది, అది మన పెంపకంలోంచి వచ్చింది. ముందు ఎవరు మాట్లాడితే తర్వాతి అభిప్రాయాలన్నీ అటే వాలతాయి. మాస్టారు ‘ఇది గొప్ప రచన కాదు’ అని ఒక ముక్క రాశారంటే, దాని కింద ‘అవునండి’, ‘నిజమేనండి’, ఆపైన వరసగా దండాల బొమ్మలు. అంతకు ముందు రోజు నాకు ఫోన్ చేసి ఆ పుస్తకాన్ని ఆకాశానికెత్తినవాళ్లు కూడా అందులో ఉంటారు. ‘మాస్టారంతటివారు చెప్పాక ఇంక మాదేముందండీ’ అనేది వినయమే, కాదనను. దానివల్ల ఆ పుస్తకం గురించి మాకు తెలిసింది ఒక్కరి అభిప్రాయమే. చదువుతూ రాసిన మాటల్లో ఈ బెడద తక్కువ. ఎందుకంటే ఆ రాత్రికి మాస్టారు కూడా సగంలోనే ఉంటారు, ఆయనకీ ముగింపు తెలియదు.

ఇక స్టార్ రేటింగుల సంగతి. చదివిన పుస్తకాలకి రేటింగులిచ్చే గుడ్‌రీడ్స్ సైటు 2007లో మొదలైంది, 2013లో అమెజాన్ కొనేసింది. ఇంగ్లిష్ పుస్తకాలకి అది పనికొస్తుంది. తెలుగు పుస్తకం ఒకటే ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకచోట ఒక స్పెల్లింగుతో, ఇంకోచోట ఇంకో స్పెల్లింగుతో కనిపిస్తుంటే రేటింగులు ముక్కలైపోతాయి. అయిదుకి మూడు స్టార్లు అంటే బాగుందనా, బాలేదనా? ఏ సంవత్సరం ఏం చదివానో లెక్క రాసుకోవడానికైతే వాడుకోవచ్చు. అంతకు మించి ఆశపడకండి.

వాయిస్ మెసేజ్ మీద నాకు ముందు చిరాకు ఉండేది. కువైట్ అక్క వల్ల కొంత తగ్గింది. ఆవిడకి చదవడం బాగా వచ్చు, ఫోన్లో తెలుగు కొట్టడం కష్టం. మాట్లాడి టైపు చేయించే సదుపాయం వాడితే మా గోదావరి జిల్లాల మాట అది సరిగ్గా అందుకోదు, ఏదో రాస్తుంది. శుక్రవారం సెలవు దొరికినప్పుడు ఆవిడ తనకి నచ్చిన పేరా గట్టిగా చదివి, మధ్యలో ఆగి, ‘ఇది మా అమ్మేనండీ బాబూ’ అని నవ్వుతుంది. ఆ నవ్వుని ఎవరు రాయగలరు? మిగతావాళ్లు మాత్రం టైపు చేయడానికి బద్ధకించి వాయిస్ పెడతారు, ‘ఆ... ఏమిటంటే... చెప్పాలంటే...’ అని మొదటి నిమిషం తినేస్తారు. వేగం రెట్టింపు చేసుకుని విన్నా, మళ్లీ ఒక మాట కావాలంటే అంతా వినాల్సిందే. రెండు నిమిషాలు దాటకూడదని, పుస్తకంలోని వాక్యం ఏదో ఒకటి చదివి తీరాలని షరతు పెడితే వాయిస్ కూడా మంచి పద్ధతే.

ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడానికి ఏదీ సాటిరాదనేవాళ్లు మా జిల్లాల్లో ఎక్కువ, దానికి తగ్గ చరిత్ర కూడా ఉంది. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది తూర్పు గోదావరి కొంకుదురులోనే. వసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయమైంది. మేమూ అప్పుడప్పుడు కలుస్తాం. బజ్జీలు వచ్చేదాకా పుస్తకం, వచ్చాక రొయ్యల రేటు. దూరాన ఉన్నవాళ్లు రాలేరు, ఆడవాళ్లకి సాయంత్రం కుదరదు, గోదావరికి వరదొస్తే అవతలి లంకల వాళ్ల సంగతి సరే సరి.

అయితే ఆన్‌లైన్ మాత్రం శాశ్వతమా? 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు; కొన్ని మండలాలకి దాదాపు రెండు వారాలు రాలేదు. ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లకి పోయారు. అలాంటప్పుడు పుస్తకాల గ్రూపుని ఎవరు పట్టించుకుంటారు?

ముఖాముఖికి నేను పూర్తిగా ఓటేసేది ఒక్క విషయంలో: మన ఊరి రచయిత పుస్తకం నచ్చనప్పుడు. డెల్టాలో రచయిత ఎవరో ఒకరికి బావమరిదో, కాకపోతే పిల్లల లెక్కల మాస్టారో అయి ఉంటాడు. గ్రూపులో ‘రెండో సగం సాగదీశారు’ అని రాస్తే గంటలో స్క్రీన్‌షాట్ ఆయన దగ్గరుంటుంది, అదీ గొంతు లేకుండా, నవ్వు లేకుండా. ఎదురుగా టీ తాగుతూ ‘రెండో సగం ఎందుకండీ అంత తొందరగా అచ్చుకిచ్చేశారు’ అంటే, ఆయనే ఇంకో రెండు తప్పులు చెబుతాడు.

ఇన్ని చూశాక మేం స్థిరపడింది ఇదీ. నవలని నాలుగు వాయిదాలు చేస్తాం. వారంలో ఎవరికి ఏమనిపించినా తమ ఫోన్లోనే రాసి దాచుకోవాలి. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అందరూ ఒకేసారి గ్రూపులో అతికించాలి, దిద్దకుండా. వాట్సాప్ పంపిన మెసేజ్‌ని పావుగంట దాకా మార్చుకోనిస్తుంది, ఆ సదుపాయం అక్షర దోషాలకే. ఆ తర్వాత చర్చలో చిన్నవాళ్లు ముందు, మాస్టారు ఆఖర్న. ఈ నియమానికి అందరికన్నా ముందు ఒప్పుకున్నది మాస్టారే. పుస్తకం పూర్తయ్యాక ఒకరు మాత్రం, తన వాయిదాల మాటలు దగ్గర పెట్టుకుని, పబ్లిక్‌గా రెండు పేరాలు రాస్తారు.

కథల పుస్తకానికి ఈ పద్ధతి పనికిరాదు. పది పేజీల కథని వాయిదాలుగా చదివితే దాని పట్టంతా పోతుంది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో కథ అప్పగించి, ఆ కథని పుస్తకంలోంచి ఎందుకు తీసేయొచ్చో చెప్పమంటాం. బాగుందో లేదో చెప్పమంటే అందరూ బాగుందనే అంటారు. తీసేస్తామంటే ఎవరో ఒకరు అడ్డం పడతారు. పోయినసారి అలా అడ్డంపడింది కుర్రాడు. చెరువు గట్టు మీది నుంచే, రాత్రి రెండింటికి, చుక్కలు కూడా పెట్టకుండా.