క్రూగరా, ఎటోషానా, మోరేమీనా: సొంత డ్రైవింగు, టెంటు నిద్రకు ఏది మేలు?

మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే అడవి దారిని రాత్రి 9 గంటలకు మూసేస్తారు. ఆ దారిలో కిటికీ పక్కన కూర్చుని ప్రయాణించిన ప్రతిసారీ నాకు ఒక కోరిక మిగిలిపోయేది. నచ్చిన చోట కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, తనివితీరా చూడాలి. చీకటి పడ్డాక ఆ అడవిలోనే పడుకోవాలి. మన పులుల అడవుల్లో అందుకు వీలు లేదు, ఉండకూడదు కూడా. ఆఫ్రికా ఖండపు దక్షిణ కొసన ఉన్న మూడు దేశాల్లో మాత్రం ఆ వీలుంది: దక్షిణాఫ్రికాలో క్రూగర్, నమీబియాలో ఎటోషా, బోట్స్వానాలో మోరేమి.

ఎవరు సలహా అడిగినా ముందు "సింహాలు ఎక్కడ ఎక్కువ?" అంటారు. నేను వాళ్లను ఎదురు అడిగేది వేరు. రాత్రి మీ టెంటుకీ అడవికీ మధ్య ఏముండాలని కోరుకుంటున్నారు? దానికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

క్రూగర్‌లో కంచె ఉంటుంది. 1926లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ అడవి ఉత్తర దక్షిణాలుగా సుమారు 350 కిలోమీటర్ల పొడవుంటుంది. ప్రధాన దారులన్నీ తారు రోడ్లే కాబట్టి మామూలు చిన్న కారు చాలు. వేగం తారు మీద గంటకు 50, మట్టి దారిలో 40 కిలోమీటర్లు మించకూడదు. స్కుకుజా, లోయర్ సాబీ, సతారా వంటి క్యాంపుల్లో టెంటు వేసుకునే స్థలం పక్కనే కరెంటు ప్లగ్గు, నిప్పుల మీద వండుకునే పొయ్యి ఉంటాయి. ఉమ్మడి వంటగది, వేడినీళ్ల స్నానాల గదులు కాస్త నడిస్తే వస్తాయి. దుకాణం, పెట్రోలు బంకు కూడా అక్కడే. సాయంత్రం గేటు వేసే వేళకు లోపలికి వచ్చేయాలి, ఆ తర్వాత బయట తిరగనివ్వరు. స్కుకుజా నుంచి లోయర్ సాబీకి సాబీ నది ఒడ్డునే వెళ్లే దారి ఒక్కటి చాలు, ఈ పార్కు ఎంత ఉదారంగా చూపిస్తుందో తెలియడానికి. ఏనుగులు, అడవి దున్నలు, సింహాలు, ఖడ్గమృగాలు, చిరుతలు అన్నీ ఇక్కడ ఉన్నాయి.

లోటు కూడా ఆ దారిలోనే తెలుస్తుంది. చిరుత ఒకటి కనబడిందంటే పది నిమిషాల్లో పాతిక కార్లు చుట్టుముడతాయి. ముందున్న కారు కదలదు, మనకు తోక తప్ప కనబడదు. ఉత్తరాన పుండా మరియా క్యాంపు వైపు వెళితే రద్దీ తగ్గుతుంది, కానీ అంత దూరం పోవడానికి అదనంగా రెండు మూడు రోజులు కావాలి.

ఎటోషాలోనూ క్యాంపులకు కంచె ఉంది, కానీ ఒకుకుయేజో క్యాంపులో ఆ కంచె అవతలే నీటిగుంట ఉంది. నా మనసు దోచింది అదే. 1907లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఈ పార్కు నడిబొడ్డున సుమారు 4,800 చదరపు కిలోమీటర్ల ఉప్పు మైదానం తెల్లగా మెరుస్తూ పరుచుకుని ఉంటుంది. వానలు లేని నెలల్లో నీళ్లు దొరికేది దాని అంచున ఉన్న చెలమల దగ్గరే. కాబట్టి జంతువుల కోసం మనం తిరగనక్కర్లేదు, నీళ్ల దగ్గర ఓపిగ్గా కూర్చుంటే అవే వస్తాయి. అక్కడి ఏనుగులు తెల్లటి మట్టి ఒంటినిండా చల్లుకుని, విభూతి పూసుకున్న సాధువుల్లా బారులు తీరి వస్తాయి.

ఒకుకుయేజో నీటిగుంట మీద రాత్రంతా మసక దీపాలు వెలుగుతుంటాయి. టెంటు నుంచి కాలినడకన వెళ్లి, రాతి గోడ వెనక బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. పదకొండు దాటాక ఎదుటి చీకట్లోంచి ఒక నల్ల ఖడ్గమృగం, దాని వెనక పిల్ల వచ్చాయి. తల్లి నీటి అంచున ఆగి, చెవులు అటూ ఇటూ తిప్పి, చాలాసేపు వాసన చూసింది. ఆ తర్వాతే మూతి దించింది. నీళ్లు పీల్చే చప్పుడు మా వరకూ వినబడింది. బెంచీల మీద ముప్పై మందికి పైగా ఉన్నాం, దగ్గు కూడా వినబడలేదు. ప్రపంచంలో ఇంత తక్కువ మిగిలిన జంతువును ఇంత దగ్గరగా, దానికి మన ఊసే లేకుండా చూడగలగడం నాకు గుడిలో నిలబడినట్టే అనిపించింది.

కష్టాలూ చెప్పాలి. దారులు దాదాపు అన్నీ కంకరవే, ఆ రాళ్లకు అంచు ఉంటుంది. హలాలీ క్యాంపుకు కాస్త ఇవతల మా వెనక టైరు పంచరైంది. నేను స్టెప్నీ మార్చినంతసేపూ మా ఆవిడ కారు తలుపు మెట్టు మీద నిలబడి నలువైపులా పొదలు కనిపెడుతూనే ఉంది. కనుక రెండు స్టెప్నీలు ఇచ్చే వాళ్ల దగ్గరే బండి అద్దెకు తీసుకోండి, జాకీ పనిచేస్తోందో లేదో ఊళ్లోనే చూసుకోండి. పార్కు బయటి కంకర దారుల్లోనూ వేగం 80 దాటనివ్వకండి, అక్కడ బండ్లు బోల్తా పడేది వేగం వల్లే. జూన్, జులై రాత్రుల చలి ఎముకలు కొరుకుతుంది. ఎటోషాలో అడవి దున్నలు, నీటి ఏనుగులు ఉండవన్నది కూడా తెలిసి వెళ్లాలి.

మోరేమిలో కంచె లేదు. అక్కడి బతావానా తెగ ప్రజలు తమ వేట నేలను తామే కాపాడుకోవాలని 1963లో దీన్ని రక్షిత ప్రాంతంగా చేసుకున్నారు. ఆ చరిత్ర వల్ల దాని మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. ఒకవాంగో అనే నది డెల్టాలో ఒక భాగం ఇది. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి పారి, ఇక్కడ చుక్క వాన లేని జూన్, జులై, ఆగస్టు నెలల్లో పొంగుతుంది. అందుకే నిర్మలమైన ఆకాశం కింద దారి నీళ్లలో మునిగి ఉంటుంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బండి తప్పనిసరి. ఇసుకలో టైర్ల గాలి తగ్గించడం, నీళ్లలో దిగేముందు లోతు అంచనా వేయడం రావాలి. చాలా అద్దె ఒప్పందాల్లో నీళ్లలో పాడైన ఇంజిన్‌కు బీమా వర్తించదు. మౌన్ పట్టణం దాటితే తిండి, డీజిలు దొరుకుతాయని నమ్ముకోలేం.

థర్డ్ బ్రిడ్జ్ క్యాంపులో రాత్రి టెంటు గుడ్డకు అవతల ఏదో గడ్డి పీకి నములుతూ ఉంటుంది. అది ఏనుగో నీటి ఏనుగో జిప్పు తీసి చూడకూడదు. చీకటి పడ్డాక టెంటు బయటికి రాకూడదు, చెప్పులు బయట వదలకూడదు, హైనాలు ఎత్తుకుపోతాయి. తిండి మొత్తం బండిలోనే ఉండాలి, లేకపోతే తెల్లవారేసరికి బబూన్ కోతులు చూసుకుంటాయి. పన్నెండేళ్లలోపు పిల్లలతో నేనైతే అక్కడికి వెళ్లను. ఒంటరి బండితో కూడా వెళ్లను.

మూడు దేశాల్లోనూ మనలాగే ఎడమ వైపు డ్రైవింగు. హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లేవాళ్లకు అది సుళువు, అమెరికా తెలుగువాళ్లు మొదటి రోజు పట్నం రోడ్ల మీద అలవాటు చేసుకుని బయల్దేరడం మంచిది. మలేరియా మందుల గురించి ముందే డాక్టరును అడగండి. మధ్యాహ్నం భోజనానికి కారు దిగే వీలు చాలాచోట్ల ఉండదు కాబట్టి, పొద్దున్నే కలిపిన పులిహోరకు మించిన ఆహారం లేదు.

పసిపిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నా ఓటు క్రూగర్‌కు. ఎటోషాలో ఒకసారి, క్రూగర్‌లో ఒకసారి తిరిగి, ఇసుకలో నడపడం నేర్చుకున్న వాళ్లకు, అదీ రెండు బండ్లుగా వెళితే, మోరేమి. మిగతా అందరికీ, జీవితంలో ఒక్కసారే వెళ్లగలిగే వాళ్లకు మరీ ముఖ్యంగా, ఎటోషా అనే చెబుతాను. మనకు సంక్రాంతి సెలవులు వచ్చేసరికి అక్కడ వానలు పడి జంతువులు చెదిరిపోతాయి. దసరా వేళకు మాత్రం నేల బీటలు వారి, ప్రాణులన్నీ చెలమల చుట్టూ చేరి ఉంటాయి. దక్షిణాఫ్రికా బడుల సెలవులూ దాదాపు అప్పుడే కావడంతో క్రూగర్ క్యాంపులు నిండిపోతాయి. ఒకుకుయేజోలో కనీసం రెండు రాత్రులు నెలల ముందే ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే విమానం టికెట్టు కొనండి.