ఐదుసార్లు చూశాక ‘ఆడమ్స్ ఆపిల్స్’

డెన్మార్క్ సినిమా ‘ఆడమ్స్ ఆపిల్స్’ మొదటిసారి చూసి పదేళ్లు దాటింది. ఇప్పటికి ఐదుసార్లయింది. 2005లో వచ్చిన ఈ సినిమా నిడివి గంటన్నర పైచిలుకే. రాసింది, తీసింది ఆండర్స్ థామస్ యెన్సన్.

ఆడమ్ నియో నాజీ, అంటే ఈ కాలంలోనూ హిట్లర్‌ని ఆరాధించే రకం. జైలు నుంచి అతణ్ని ఓ పల్లెటూరి చర్చికి పంపుతారు. అక్కడి పాస్టరు ఈవాన్, వచ్చినవాళ్లందరినీ ఏదో ఒక లక్ష్యం పెట్టుకోమంటాడు. ఆడమ్ ఎగతాళిగా ఆపిల్ కేకు చేస్తానంటాడు. పాస్టరు నిజమేననుకుని ఆపిల్ చెట్టు బాధ్యత అతనికే అప్పగిస్తాడు. అప్పటినుంచి కాకులు, పురుగులు, చివరికి పిడుగు కూడా ఆ చెట్టు మీదే పడతాయి.

ఆడమ్ తన గదిలో గోడకున్న శిలువ తీసేసి హిట్లర్ ఫొటో పెడతాడు. పాస్టరు దాన్ని చూసి, మీ నాన్నగారా అన్నట్టు ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఆ క్షణంలో పాస్టరుగా వేసిన మాడ్స్ మికెల్సన్ ముఖం చూడండి. కొంచెం కూడా నటిస్తున్నట్టు ఉండదు. ఎదురుగా ఆడమ్‌గా వేసిన ఉల్రిక్ థామ్సన్‌కి కోపం తన్నుకొస్తుంటుంది, కానీ ఏం అనాలో తెలీదు. నాకు ఎప్పటికీ తనివి తీరని సీను అది.

ఇలాంటి కామెడీకి సబ్‌టైటిల్ టైమింగే ప్రాణం. నేను ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తాను. ఒకసారి దొరికిన ప్రింట్‌లో అక్షరాలు రెండు సెకన్లు ముందే వచ్చేవి. నటుడు నోరు తెరిచేలోపే జోకు అయిపోయేది. పావుగంట ఓపిక పట్టి ఆపేశాను. సరైన ప్రింట్‌తో చూడండి, వీలైతే రెండోసారి కూడా చూడండి. మొదటిసారి కళ్లన్నీ కింది లైను మీదే ఉంటాయి. మాటలు తెలిశాక చూస్తే ముఖాలు కనిపిస్తాయి, మాటకీ మాటకీ మధ్య ఉన్న మౌనం వినిపిస్తుంది.

మొన్న ఆదివారం పిన్నితో చూశాను. ఆమెకి ఇంగ్లిష్ రాదు. రిమోట్ పట్టుకుని ఆపుతూ, తెలుగులో చెబుతూ రెండున్నర గంటలు నడిపాం. బైబిల్ కిందపడి ప్రతిసారీ ఒకే చోట తెరుచుకోవడం చూసి, నేను చెప్పకముందే “యోబు గ్రంథమేనా?” అంది. కష్టాల మీద కష్టాలు పడ్డ యోబు అనే భక్తుడి కథ అది. అక్కడినుంచి కథ నాకంటే ఆమెకే బాగా తెలిసినట్టయింది. కష్టాలు దేవుడు పెడుతున్నాడా, సాతానా అన్న వాదన వచ్చినప్పుడు టీ కప్పు పక్కన పెట్టేసి ముందుకు వంగింది.

కొడుకు చక్రాల కుర్చీకే పరిమితమైనా, వాడికేం కాలేదన్నట్టే మాట్లాడతాడు పాస్టరు. మొదట్లో అది చూసి గట్టిగా నవ్వాను. నాన్న ఆసుపత్రిలో ఉన్న ఏడాది మూడోసారి చూసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. వచ్చినవాళ్లందరికీ “ఏం లేదండీ, తగ్గిపోతుంది” అని మేమూ అలాగే చెప్పేవాళ్లం. ఐదోసారి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఈ సినిమాని అంతగా ప్రేమించడానికి కారణం అదే.

రక్తం, దెబ్బలు బాగానే ఉన్నాయి. పిల్లిని తుపాకీతో కాల్చే సీను ఉంది. వైకల్యం మీద మాటలు కొన్ని నాకిప్పటికీ ఇబ్బందిగానే ఉంటాయి. పిల్లలతో చూడొద్దు.

పాస్టరు కారులో మోగే ‘హౌ డీప్ ఈజ్ యువర్ లవ్’ పాటకి మాత్రం సబ్‌టైటిల్ అక్కర్లేదు. చివర్లో అది వచ్చినప్పుడు పిన్ని రిమోట్ నా చేతిలోంచి తీసేసుకుంది, ఆపొద్దని.