ఇంట్లో పోసుకున్న జెల్ ప్లేట్: రెండు ఎండకాలాల తర్వాత

జెల్ ప్లేట్ అంటే రోలర్‌తో రంగు పూసి, ఆకు పరిచి, కాగితం అద్ది అచ్చులు తీసుకునే మెత్తటి జెలటిన్ పలక. ఈ ప్లేట్ మీద ఇష్టమంతా ఒక్క గుణం వల్లే. పాడైతే పారేయక్కర్లేదు, కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. చాకు గాటు పడినా, ఈనె గుచ్చుకుని చిరిగినా ముక్కలు కోసి గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెడితే చాలు. ఇప్పటికి తొమ్మిదిసార్లు కరిగించాను.

ఏ5 సైజు స్టీలు ట్రేకు 30 గ్రాముల జెలటిన్, 180 మి.లీ. గ్లిజరిన్, 180 మి.లీ. నీళ్లు సరిపోతాయి. గ్లిజరిన్‌లో సగం నీళ్లు కలిపి, జెలటిన్ చల్లి, పది నిమిషాలు నాననిచ్చాక మిగతా నీళ్లు మరిగించి పోసి మెల్లగా కలపాలి. గిలక్కొడితే అంతా నురగే. తేలిన బుడగలను న్యూస్‌పేపర్ ముక్కతో అంచుకు లాగేయాలి. మిశ్రమాన్ని మాత్రం మరగనివ్వకూడదు, జెలటిన్ బిగువు పోతుంది. ఇది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేది కాబట్టి శాకాహారుల ఇంట్లో దీనికో గిన్నె విడిగా ఉండాలి.

ఇక దెబ్బ తిన్నది ఎండకాలంలో. మహారాష్ట్రలోని సిరొంచలో మే నెల మధ్యాహ్నం, పై అంతస్తు గదిలో, ట్రేలోంచి తీసి గాజు పలక మీద పెట్టిన ప్లేట్ సాయంత్రానికి పరుచుకుపోయింది. అంచులు పల్చబడి గాజుకు అతుక్కున్నాయి. పైన ఉంచిన టేకు ఆకు ఈనెలు గుంతలుగా దిగిపోయాయి. జెలటిన్ 30 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలుపెడుతుంది, గ్లిజరిన్ దాన్ని ఆపలేదు. తర్వాతి విడత జెలటిన్ 45 గ్రాములకు పెంచితే ఏప్రిల్ సగం దాకా నిలిచింది గానీ, బిగుసుకుపోయి సన్న ఈనెల్ని పట్టడం మానేసింది. మళ్లీ 30కే వచ్చాను.

రంగుకూ ఎండ తగులుతుంది. శనగగింజంత అక్రిలిక్ చుక్కలు మూడు చాలు, కానీ రోలర్ మీదే ఆరిపోతుంది. రెండు చుక్కల గ్లిజరిన్ కలిపి పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టడం మేలు. రోలర్ దొర్లేటప్పుడు సన్నగా చిర్రుమనాలి. పచపచమంటే రంగు ఎక్కువైనట్టే, ఆకు కిందికి పాకుతుంది. టేకు ఆకును ఈనెలు పైకి తేలిన అడుగువైపు ప్లేటుకు ఆనించాలి. మొదటి కాగితం మీద ఆకు ఆకారం తెల్లగా వస్తుంది. ఆకు తీసేసి రెండో కాగితం అద్దితే ఈనెలన్నీ పడతాయి. అందమంతా ఆ రెండో అచ్చులోనే.

నిగనిగలాడే ఫోటో పేపర్ పెట్టొద్దు, అతుక్కుని పైపొరను ఊడబెరుకుతుంది. బొప్పాయి ఆకు ఎంత ఊరించినా పచ్చిది వద్దు. దాని పాలలోని పపైన్ అనే ఎంజైమ్ జెలటిన్‌ను తినేస్తుంది.

తొమ్మిదిసార్లు అన్నాను గానీ, ఏడోసారి నుంచి పట్టు తగ్గింది. వేడి చేసిన ప్రతిసారీ కాస్త బలం పోతుంది, రంగు పెచ్చులు కలిసి మసకబారుతుంది. పల్చటి గుడ్డతో వడకట్టి, 10 గ్రాముల కొత్త జెలటిన్ నానబెట్టి కలిపాకే దారికొచ్చింది. వానకాలంలో గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుని ప్లేటుకు చెమటలు పట్టిస్తుంది, ప్రతి అచ్చుకు ముందు తుడవాలి.

దసరా నుంచి శివరాత్రి దాకా ప్రింట్లు వేసుకునేవాళ్లకు ఇది చాలు. వేసవి సెలవుల్లో పిల్లలతో వేయించాలంటే ఖరీదైనా సింథటిక్ ప్లేట్ కొనడమే నయం. నాకు సెలవుల పని లేదు. కాకపోతే లేత తునికాకు వచ్చేది సరిగ్గా ఈ ప్లేట్ నిలవని నెలల్లోనే. ఆ ఒక్క ఆకు కోసం రెండోది కొనాలా అని ఇంకా తేల్చుకోలేదు.