అంగన్‌వాడీ పెరటికి ఏది మేలు? ఆకుకూర మడా, గ్రో బ్యాగులా, అనప పందిరా?

ఏటా సెప్టెంబరులో పోషణ మాసం వస్తుందనగానే మన అంగన్‌వాడీ టీచర్ల మధ్య ఇదే మాట నలుగుతుంది: ఈసారి పెరట్లో ఏం వేద్దాం? 2018లో కేంద్ర ప్రభుత్వ పోషకాహార పథకం పోషణ్ అభియాన్ మొదలైన దగ్గర్నుంచి అంగన్‌వాడీ కేంద్రాల్లో పోషణ వాటికలు (కూరగాయల పెరటి తోటలు) పెంచమని చెబుతూనే ఉన్నారు. ఆ సలహాల్లో చాలావరకు వంటకు ఎంత కూర అందుతుందన్న లెక్క మీదే నడుస్తాయి. మన దగ్గరుండేది మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లకాయలు. వాళ్ల చేతికి ఎంత పని దొరుకుతుంది, విత్తింది ఎన్నాళ్లకు కళ్లబడుతుంది అన్నవి నేను ముందు చూస్తాను. దిగుబడి ఆ తర్వాతే. ఆ కొలతతోనే మన తిరుపతి, చిత్తూరు వైపు ఎర్రనేలల్లో కుదిరే మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం: నేల మీద ఆకుకూర మడి, గ్రో బ్యాగుల్లో (మట్టి నింపి మొక్కలు పెంచే సంచుల్లో) టమాటా లాంటి కాయకూరలు, కంచె వెంట అనప పందిరి (చిక్కుడు జాతి గింజల తీగ, సొరకాయ కాదు).

తొందరగా కనబడాలంటే ఆకుకూరను మించింది లేదు. రాత్రి నానబెట్టిన మెంతులు చల్లితే మూడు నాలుగు రోజులకే మట్టిని నెత్తిన పెట్టుకుని లేస్తాయి. శుక్రవారం చల్లి వెళ్లిన పిల్లలు సోమవారం వచ్చేసరికి మడి దగ్గరే బ్యాగులు పడేసి కూర్చుంటారు. తోటకూర, సిర్రాకు విత్తనాలు మరీ సన్నం. పిల్లలు చల్లితే ఒకేచోట కుప్ప పడతాయి. గుప్పెడు విత్తనానికి నాలుగైదు గుప్పిళ్ల ఇసుక కలిపి ఇవ్వండి, మడంతా సమంగా పడుతుంది. చీమలు విత్తనాన్ని మోసుకుపోకుండా మడి చుట్టూ బూడిద గీత గీయాలి. తోటకూర పీకుడుకు రావడానికి ఇరవై ఐదు, ముప్పై రోజులు పడుతుంది, మెంతికి అంతకూడా పట్టదు. కత్తి అక్కర్లేదు. వేరుతో సహా పీకడం మూడేళ్ల పిల్లకీ చేతనవుతుంది, పైగా మట్టి అంటిన వేరు ఎలా ఉంటుందో అప్పుడే చూస్తుంది. అదే కూర మధ్యాహ్నం పప్పులోకి వస్తే, పళ్లెంలో ఆకు ఏరి పక్కన పెట్టే పిల్లలు కూడా "ఇది నేను పీకింది" అంటూ తినడం నేను చాలాసార్లు చూశాను.

మడి వెడల్పు సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్దవాళ్ల మడి మూడు నాలుగడుగులు ఉంటుంది. మనకు రెండడుగులు దాటకూడదు. పిల్లల చెయ్యి అడుగు దాటి అందదు, అందకపోతే లోపలికి దిగి తొక్కేస్తారు. రెండు వైపులా ఇటుకలు పరిచేస్తే ఎక్కడ నిలబడాలో వాళ్లకే తెలిసిపోతుంది. మొలకల మీద కోళ్లు పడకుండా పాత దోమతెర కప్పితే చాలు. ముళ్లకంప వద్దు, పిల్లలు తిరిగే చోటు.

మడికి శత్రువు వాన. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా కొడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులే చెరువులయ్యాయి. అందుకని మడిని జానెడు ఎత్తు లేపి, నీళ్లు పోయే దారి తీసి పెట్టుకోవాలి.

ఆ వానలప్పుడే గ్రో బ్యాగుల విలువ తెలుస్తుంది. అడుగున రంధ్రాలు పూడకుండా ఉంటే నీరు నిలవదు, మరీ ఎక్కువైతే వసారాలోకి జరుపుకోవచ్చు. టౌనులో అద్దె గదుల్లో నడిచే కేంద్రాలకు చాలాచోట్ల గుప్పెడు మన్ను కూడా ఉండదు, మెట్ల పక్కనో మిద్దె మీదో సంచులే దిక్కు. అయితే మిద్దె మీద పెడితే పిల్లలను మెట్లెక్కించాలి. పిట్టగోడ సరిగా లేనిచోట ఆ ఆలోచనే వద్దు. ఉత్త ఎర్రమట్టి నింపితే రెండు తడులకే గట్టిపడిపోతుంది. రెండు పాళ్లు మట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. మార్చి దాటిందంటే సంచికి పొద్దున, సాయంత్రం నీళ్లు పడాలి. ఆదివారం ఎవరు పోస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సంచులు కొనకండి.

సంచుల్లో వేయాలనగానే అందరికీ టమాటా గుర్తొస్తుంది. ఎర్రగా పండిన కాయను చూస్తే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, ఆ మాట నిజమే. కానీ నారు నాటాక కాయ కోతకు రెండు నెలలు పైనే. "ఇంకా రాలేదేం టీచర్?" అని మొదటి వారం అడుగుతారు. రెండో వారానికి అడగడం మానేస్తారు. శేషాచలం కొండ కింద ఉన్న కేంద్రాలకైతే కోతుల బెడద ఉండనే ఉంది. పిల్లలు రేపు కోద్దామనుకున్న కాయ ఇవాళే పోతుంది. టమాటా ఆకు, పచ్చికాడ నోట్లో పెట్టుకోకూడదు, పక్కనే ఉండి చూసుకోవాలి. వంగలో ముళ్ల రకాలున్నాయి, బెండ నూగు చేతులకు దురద పెడుతుంది. మిరప మాత్రం అస్సలు వద్దు. కాయ తుంచిన చేత్తో కళ్లు నులుముకుంటే ఆ పూటంతా ఏడుపే.

ఇక అనప. మన చిత్తూరోళ్ల పంట, నాకు మనసైన పంట కూడా. గింజ పెద్దది, చిన్నవేళ్ల మధ్య నిలుస్తుంది. వేలి కణుపు లోతు గుంట తీసి ఒక్కో గింజ వేయడం పిల్లలకు ఒక్కసారి చూపిస్తే వచ్చేస్తుంది. వారం తిరక్కుండా మొలుస్తుంది. రెండు సర్వే (సరుగుడు) కట్టెలు పాతి పురికొస కడితే తీగ పైకి పాకుతుంది. ఈ వారం నా నడుము దాకా, వచ్చే వారం భుజం దాకా అని పిల్లలు దాని పక్కన నిలబడి కొలుచుకుంటారు. కొలతల పాఠానికి వేరే సామాను అక్కర్లేదు.

నాటు అనపకు పగటి పొద్దు తగ్గితేనే పూత వస్తుంది. జూన్‌లో వేస్తే పూతకు పోకుండా తీగ ఆకులతో కమ్ముకుపోతుంది. సెప్టెంబరులో వేస్తే పిల్లలు ఎదురుచూసే కాలం తగ్గుతుంది, సంక్రాంతి ముందూ వెనకా కాయలు కోసుకోవచ్చు. చలికాలంలో లేత కొసలకు నల్లగా పేనుబంక (రసం పీల్చే సన్న పురుగు) పడుతుంది. కంగారు పడి మందు తేవద్దు. నీళ్లు వేగంగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. కాస్త వదిలేస్తే దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలు లెక్కపెడుతూ పిల్లలు అరగంట కదలరు.

అసలు పండగ పితికిపప్పు రోజున. నానిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పొట్టు జారి పప్పు టుపుక్కున బయటికి దూకుతుంది. పలక మీద బలపం పట్టాల్సిన వేళ్లకు ఇంతకన్నా మంచి కసరత్తు లేదు. ఒక్క జాగ్రత్త: ఈ వయసు పిల్లలు గింజలు ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. నలుగురైదుగురిని మించి ఒకసారి కూర్చోబెట్టకండి, ఆయమ్మో మీరో ఎదురుగా ఉండాలి. పచ్చి గింజ తిననివ్వకూడదు, బాగా ఉడికాకే పెట్టాలి. పందిరి మొదట్లో ఎండాకు, చెత్త పేరుకుంటే పురుగూ పుట్రా చేరతాయి, వారానికోసారి ఊడ్చేయాలి.

నన్నడిగితే, సొంత భవనం, కాస్త ఆవరణ ఉన్న కేంద్రానికి మొదటి ఓటు ఆకుకూర మడికే. ఒకటి కాదు, పదిరోజుల తేడాతో రెండు చిన్న మడులు వేయండి, ఒకదాంట్లో పీకుతుంటే రెండోదాంట్లో మొలుస్తూ ఉంటుంది. అదే వారంలో కంచె వెంట అనప గింజలు కూడా వేసేయండి. ఆకుకూర రోజువారీ పని ఇస్తుంది కాబట్టి అనప కోసం పిల్లలు ఓపిక పట్టగలుగుతారు. అద్దె గదిలో ఉన్నవాళ్లు సంచులే వాడండి, కానీ వాటిలో టమాటా కన్నా ముందు మెంతి, తోటకూర చల్లండి. లోతు సంచులకన్నా వెడల్పాటి తొట్టెలు వీటికి నప్పుతాయి. టమాటా మీద ముచ్చట ఉంటే ఒక్క సంచిలో పెట్టుకోండి.

ఎక్కడ వేసినా ముందు ఆవరణంతా ఒకసారి తిరిగి చూడండి. ఆముదం, ఉమ్మెత్త మొక్కలుంటే కాయ పడకముందే పీకించేయండి. నీళ్లకు పెద్ద బకెట్లు కాకుండా ఇంట్లో పడి ఉన్న చిన్న చెంబులు తెప్పించండి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు రెండు మడులకు చాలావరకు సరిపోతాయి.