అందరికీ ఊదించలేదు, అది బాగా నచ్చింది

మేం వెళ్లే ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) స్క్రీనింగ్ మొదలుపెట్టారని తెలిసి నాన్నను తీసుకెళ్లాను. 30 ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్న మనిషి, రెండంతస్తులు ఎక్కాలంటే మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగుతారు, అడిగితే "వయసు కదరా" అంటారు.

వెళ్లగానే మెషిన్ ముందు కూర్చోబెట్టలేదు. ఎన్నేళ్లు కాల్చారు, పొగలో దుమ్ములో పనిచేశారా, దగ్గితే కళ్లె పడుతోందా, తోటివాళ్లతో నడిస్తే వెనకబడుతున్నారా అని నర్సు ఓపిగ్గా అడిగింది. నాకూ చేయమంటే, మీకు పొగ అలవాటు లేదు, ఆయాసం లేదు, అక్కర్లేదండీ అంది. ఆ మాటకే సగం మార్కులు ఇచ్చేస్తాను. ఏ లక్షణాలూ లేని పెద్దవాళ్లకు ఈ స్క్రీనింగ్ వద్దని ఏ పరీక్షలు ఎవరికి అవసరమో సలహాలిచ్చే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లోనూ, మళ్లీ 2022లోనూ చెప్పింది. అనుమానం ఉన్నవాళ్లను వెతికి చేస్తే మాత్రం లెక్క వేరు. ఇంగ్లండ్‌లో జరిగిన టార్గెట్‌సీఓపీడీ అధ్యయనంలో, డాక్టర్ దగ్గరికి వచ్చినప్పుడు అడగడమే కాకుండా ఇంటికి కూడా ప్రశ్నలు పోస్టులో పంపితే ఎక్కువమందిలో జబ్బు బయటపడింది, ఒక్కొక్కరిని గుర్తించడానికి అయిన ఖర్చూ తగ్గింది.

స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, చేయించిన తీరు కూడా బాగుంది. ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం, "నిండా పీల్చండి, ఇప్పుడు ఊదండి, ఇంకా, ఇంకా, ఆపకండి" అంటూ పక్కనే నిలబడింది. రెండుసార్లు దగ్గొచ్చి చెడిపోయినా విసుక్కోలేదు, నీళ్లు తాగించి మళ్లీ ఊదించింది.

తప్పు ఆ తర్వాత జరిగింది. గాలి దారులు తెరిచే ఇన్‌హేలర్ మందు ఇచ్చి, కాసేపు ఆగి మళ్లీ ఊదించాలి, మొదటి సెకనులో వదిలిన గాలి మొత్తం గాలిలో అప్పుడు కూడా 0.7 వంతు కంటే తక్కువుంటేనే సీఓపీడీ అనాలి. అది చేయకుండానే రిపోర్టు మీద సీఓపీడీ అని రాసి చేతిలో పెట్టారు. ఆస్తమా కూడా కావచ్చు కదా అని అడిగితే వారం తర్వాత రమ్మన్నారు, ఆ వారమంతా ఇంట్లో టెన్షనే. రెండోసారి వెళ్లినప్పుడు ఇన్‌హేలర్ ఇచ్చి ఊదిస్తే 0.64 వచ్చింది, అంటే జబ్బు నిజమే, కానీ అందరికీ అలా రాకపోవచ్చు, అనవసరంగా ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లు ఉంటారు.

ఇంకో లోటు, సిగరెట్ మాన్పించే సాయం గురించి వాళ్లంతట వాళ్లు ఒక్క మాట చెప్పలేదు. ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గిపోయే వేగాన్ని తగ్గించేది ముందు సిగరెట్ మానడమే, జబ్బు కనిపెట్టి ఆ సంగతి ఎత్తకపోతే పరీక్షకు పెట్టిన డబ్బు ఎందుకు? నేనే పట్టుబట్టి కౌన్సెలింగ్‌కి రాయించుకున్నాను.

5కి 3.5 ఇస్తున్నా. వెళ్లేవాళ్లు ఫోన్ చేసి, ఇన్‌హేలర్ తర్వాతి పరీక్ష అదే రోజు చేస్తారా అని అడిగి వెళ్లండి.