ఉమెన్స్ స్టడీసా, సోషియాలజీయా, ఎం.ఎస్.డబ్ల్యూనా: ఏది మేలు?

డిగ్రీ అయ్యాక ఆడవాళ్ల సమస్యల మీద పని చేయాలనుకునే పిల్లలు ఎక్కువగా ఉమెన్స్ స్టడీస్ (మహిళా అధ్యయనాలు), సోషియాలజీ (సమాజశాస్త్రం), ఎం.ఎస్.డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), ఈ మూడింటి మధ్యే ఊగిసలాడుతుంటారు. మూడూ ఒకటేలే అని, ఏ సీటు వస్తే అందులో చేరిపోయేవాళ్లూ ఉన్నారు. అలా చేరకండి. తేడా తెలియాలంటే 1992లో దూబగుంటలో జరిగింది చూడండి.

నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షరాస్యత తరగతులకు వెళ్లే ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. పోరాటం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సోషియాలజీలో ఇది సామాజిక ఉద్యమాల కింద వస్తుంది: ఎలా పుట్టింది, ఎలా పాకింది, ఎందుకు చల్లబడింది. ఎం.ఎస్.డబ్ల్యూ విద్యార్థి ఊరివాళ్లను ఎలా కూడగట్టాలో, తాగుడు మానలేని మనిషికీ అతని ఇంటికీ ఏ సాయం అందాలో ఆలోచిస్తుంది.

ఉమెన్స్ స్టడీస్ ఆ ఇంటి లోపల మొదలవుతుంది. ఆమె కూలి డబ్బు ఎవరి చేతికి పోతోంది? మొగుడు కొడితే అది ‘ఇంటి గొడవ’ అని ఊరంతా ఎందుకు ఊరుకుంది? ముందు నిలిచినవాళ్లలో చాలామంది దళిత, వెనుకబడిన కులాల కూలీలు. ఆ సంగతి తర్వాత చెప్పుకునే కథల్లో ఎందుకు పలచబడింది? 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడు వాళ్ల మాట ఎవరు విన్నారు? మిగతా రెండు కోర్సుల్లో ఇవి ఒక పేపర్‌లో తగిలి వెళ్లిపోతాయి, ఇక్కడ రెండేళ్లూ వీటితోనే గడుస్తాయి. చదువుగా చూస్తే నా ఓటు దీనికే. మగపిల్లలూ చదవాల్సిన సబ్జెక్టు ఇది.

ఉద్యోగం దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఎం.ఎస్.డబ్ల్యూలో ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. సఖి కేంద్రాలు (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రాలు), బాలల సంరక్షణ, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థల్లో ఆ డిగ్రీకి గిరాకీ ఉంది. సోషియాలజీ సివిల్స్‌లో ఆప్షనల్‌గా పనికొస్తుంది, ఉమెన్స్ స్టడీస్‌కు ఆ వీలు లేదు. జూనియర్ కాలేజీల్లో ఈ సబ్జెక్టే లేదు కాబట్టి ఆ లెక్చరర్ పోస్టులూ లేవు. దీనికున్న బలం పరిశోధన. యూజీసీ నెట్‌లో (అధ్యాపక అర్హతకు, పరిశోధనకు పెట్టే జాతీయ పరీక్ష) విడిగా సబ్జెక్టు ఉంది, అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలు. అయితే యూనివర్సిటీల్లోని ఉమెన్స్ స్టడీస్ సెంటర్లలో రెగ్యులర్ పోస్టులు తక్కువ, నిధుల టెన్షన్ ఎప్పుడూ ఉండేదే.

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ఈ విభాగాలున్నాయి. హైదరాబాద్‌లోనే 1985లో మొదలైన అన్వేషి పరిశోధన కేంద్రం కూడా ఉంది. చేరేముందు ఆ ఏడాది ఎం.ఏ. నడుస్తోందా, రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు అని అడగండి.

డిగ్రీలోనే దీన్ని మేజర్‌గా వెతకనక్కర్లేదు. అక్కడ ఎకనామిక్స్ తీసుకుంటే మేలంటాను: జీతం లేని ఇంటిపని, ఆడవాళ్ల పేరు మీద లేని భూమి, ఇవన్నీ ఆ లెక్కలతోనే అర్థమవుతాయి. ఇంట్లోవాళ్లు మీ మొదటి జీతం కోసం ఎదురుచూస్తుంటే మాత్రం ఎం.ఎస్.డబ్ల్యూ చేయండి. ఫీల్డ్‌వర్క్ మహిళా సంఘాల్లో అడిగి వేయించుకోండి, పీహెచ్‌డీకి ఉమెన్స్ స్టడీస్‌కు రావచ్చు.