ఇంట్లో పార్లరా, మెయిన్ రోడ్డు మీద షాపా?

బ్యూటీషియన్ కోర్సు చేసిన చెల్లెళ్ళు నన్ను ముందు అడిగేది ఇదే. నేను విజయవాడ సత్యనారాయణపురంలో మా ముందు గదిలో మొదలుపెట్టి నాలుగేళ్ళకి పటమటలో షాపు తీశాను, రెండూ చూశాను కాబట్టి చెప్తున్నా.

ఖర్చు: ఇంట్లో కుర్చీ, అద్దం, వ్యాక్స్ హీటర్, స్టీమర్ ఉంటే చాలు. షాపుకి అడ్వాన్సు, ఏసీ, బోర్డు, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కమర్షియల్ మీటరు.. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, కుర్చీలు ఖాళీ, అద్దె మాత్రం ఒకటో తారీఖుకి కట్టాల్సిందే. మొదటి ఆషాఢం గాజులు తాకట్టు పెట్టి అమ్మాయిలకి జీతాలిచ్చా.

శ్రమ: ఇంట్లో ఐబ్రోస్ దారం పళ్ళ మధ్య పట్టుకునే కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకోవాలి. షాపులో ఆ గోల లేదు కానీ మనుషుల్ని నిలబెట్టుకోవడమే అసలు పని. నేను నేర్పించిన అమ్మాయి కస్టమర్ల నంబర్లతో సహా వెళ్ళి పక్క వీధిలో సొంతంగా పెట్టుకుంది, చాలా బాధపడ్డా, అప్పట్నుంచి జీతంతో పాటు కమీషన్ కూడా ఇస్తున్నా.

రిస్కు: ఇంట్లో అంతా తెలిసినవాళ్ళే, "తర్వాత ఇస్తాలే వదినా" అంటారు. షాపులో డబ్బు వెంటనే చేతికొస్తుంది. ఎక్కడైనా సరే హెయిర్ కలర్‌కి 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రంగు రాసి ప్యాచ్ టెస్ట్ చేయండి, నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, మొహం వాచిపోతుంది.

పిల్లలు చిన్నవాళ్ళు, చేతిలో డబ్బు తక్కువ అంటే ఇల్లే. పెళ్ళికూతురి మేకప్‌లు నెలకి నాలుగైనా వస్తూ, ఆరు నెలల అద్దె పక్కన పెట్టగలిగితే షాపు, అదీ శ్రావణానికి ముందు తెరవండి.